చివరిదాకా వెలగాలి: కొవ్వొత్తుల ప్రాజెక్టు డైరీ

ఆగస్టు 3, 2025, ఆదివారం

మైనం వచ్చేసింది. 5 కిలోల సోయా మైనం, 5 కిలోల పారఫిన్ మైనం, మైనాన్ని గట్టిపరిచే స్టియరిక్ యాసిడ్ కిలో, మూడు సైజుల వత్తులు, నాలుగు రకాల సెంటు నూనెలు, ఒక థర్మామీటరు. అన్నీ కలిపి 4,000 రూపాయల లోపే. సగం నాది, సగం మా ఆడబిడ్డది. తను కావలి నుంచి వారానికి రెండు రోజులు వచ్చి సాయం పడుతుంది. మిగతా రోజుల్లో నెల్లూరు వేదాయపాళెంలోని మా వంటింట్లో నేనొక్కదాన్నే. దీపావళికీ క్రిస్మస్‌కూ చేతిపనుల ఎగ్జిబిషన్లలో స్టాల్ పెట్టాలని మా ఆలోచన.

డైరీ మొదటి పేజీలో ఒక మాట రాసుకున్నాను: ఏ రకమైనా సరే, ఒకటి నేను చివరిదాకా వెలిగించి చూశాకే అమ్మకానికి పెట్టాలి. దీనికి కారణం ఉంది. పోయిన క్రిస్మస్‌కు ఒక షాపులో 400 రూపాయలు పెట్టి సువాసన కొవ్వొత్తి కొన్నాను. చక్కటి గాజు గ్లాసు. నాలుగు రోజులకల్లా వత్తి చుట్టూ బావిలా గుంట పడింది. కరిగిన మైనంలో వత్తి మునిగి ఆరిపోయింది. సగానికి పైగా మైనం గ్లాసు గోడలకే ఉండిపోయింది. ఆ గ్లాసు ఇంకా అలమరలోనే ఉంది. మైనం మంచిదే, వాసన మంచిదే, మరి ఎక్కడ తేడా కొట్టింది? ఇది తేల్చుకోవాలనే మొదలుపెట్టాను.

ఆగస్టు 5

ఈ రోజు చాలా భయపడ్డాను. తొందరలో మైనం గిన్నెను నేరుగా స్టవ్ మీద పెట్టి, ఫోను మోగితే హాల్లోకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి గిన్నెలోంచి సన్నగా పొగ వస్తోంది. పారఫిన్ 60 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. నీళ్లయితే బుడగలు వచ్చి మరుగుతున్నట్టు తెలుస్తుంది. మైనం అలా కాదు, చప్పుడు లేకుండా వేడెక్కుతూ పోతుంది. 200 డిగ్రీల ప్రాంతానికి వచ్చాక చిన్న నిప్పు తగిలినా దాని ఆవిరి అంటుకుంటుంది. వెంటనే స్టవ్ కట్టేసి మూత పెట్టాను. మైనం అంటుకుంటే నీళ్లు పోయకూడదు. ఆ వేడికి నీళ్లు ఒక్కసారిగా ఆవిరై, మండుతున్న మైనాన్ని నాలుగు పక్కలా ఎగజిమ్ముతాయి. మూత పెట్టి గాలి అందకుండా చేయడమే దారి.

ఇక నుంచి పెద్ద గిన్నెలో నీళ్లు, అందులో మైనం గిన్నె. నీళ్లు 100 డిగ్రీలు దాటవు కాబట్టి మైనమూ దాటదు. సరిపడే మూత చేతికి అందేంత దూరంలో ఉండాలి. పిల్లలు బడికి వెళ్లాకే పోత. ఫోను హాల్లోనే ఉంటుంది, మోగితే మోగనీ.

ఆగస్టు 10

మొదటి ఆరు గ్లాసులు. ఒక్కోదాంట్లో 150 గ్రాముల సోయా మైనం. వత్తి నిటారుగా, నట్టనడుమ నిలబడటమే పెద్ద పని. వత్తి కింద రేకు బిళ్ళకు చుక్క మైనం అంటించి అడుగున అతికించాను. పైన చీపురుపుల్లను మధ్యకు చీల్చి, ఆ చీలికలో వత్తిని ఇరికించి, గ్లాసు అంచు మీద అడ్డంగా పెట్టాను. వత్తి కొంచెం పక్కకు ఒరిగినా మంట అటువైపు గాజును వేడిచేస్తుంది, అవతలివైపు మైనం కరగకుండా మిగిలిపోతుంది.

మైనం 68 డిగ్రీల్లో ఉండగా సెంటు నూనె వేసి రెండు నిమిషాలు నెమ్మదిగా కలిపాను. కిలో మైనానికి 60 గ్రాముల నూనె, అంటే 6 శాతం. 57 డిగ్రీలకు చల్లారాక గ్లాసుల్లో పోశాను. అందరికీ ఇవే అంకెలు కుదురుతాయని చెప్పను. మా వంటింట్లో మధ్యాహ్నం 33 డిగ్రీలు ఉంటుంది, ఏసీ గదిలో పోసేవాళ్లకు లెక్క మారుతుంది.

మా అత్త గుమ్మంలో నిలబడి, "ఏందమ్మే, ఇల్లంతా మల్లెపూల అంగడి మాదిరి ఉందే" అంది. ఆమెకు నచ్చింది. మల్లె రకం ఉంచాలి.

ఆగస్టు 17 నుంచి 31 వరకు

ఈ రెండు వారాలూ వెలిగించడమే పని. ఎక్కువ నేర్చుకున్నదీ ఇప్పుడే, అందుకే వివరంగా రాస్తున్నాను.

కొవ్వొత్తిలో మండేది వత్తి అనుకుంటాం. కాదు. మంట వేడికి మైనం కరుగుతుంది, కరిగిన మైనాన్ని వత్తి దారాలు పైకి పీల్చుకుంటాయి, అక్కడ అది ఆవిరవుతుంది. మండేది ఆ ఆవిరి. అందుకని వత్తి అంటే మైనం ఎక్కే దారి. దారి ఇరుకైతే మంట చిన్నదై మధ్యలో బావి పడుతుంది. మరీ వెడల్పైతే మంట పెద్దదై నల్లగా మసి చిమ్ముతుంది, వత్తి కొనన పుట్టగొడుగులా మసి ముద్ద కడుతుంది, గ్లాసు చేత్తో పట్టుకోలేనంత కాలుతుంది.

ఒకే మైనం, ఒకే గ్లాసు, మూడు సైజుల వత్తులు. గ్లాసు లోపలి వెడల్పు 7 సెంటీమీటర్లు. మూడింటినీ ఒకేసారి వెలిగించి గంట గంటకూ స్కేలుతో కొలిచాను. సన్న వత్తి దగ్గర మూడు గంటలైనా కరిగిన మడుగు 4 సెంటీమీటర్లు దాటలేదు. షాపు గ్లాసుకు పట్టిన గతే దీనికీ పట్టేది. లావు వత్తి గంటన్నరలోనే గోడలకు చేరింది కానీ పొగ. మధ్య సైజు సరిగ్గా మూడు గంటలకు అంచు తాకింది. రోజుకు నాలుగు గంటలు మించకుండా, ప్రతిసారీ వత్తిని అర సెంటీమీటరుకు కత్తిరించి వెలిగించాను. ముందూ వెనకా తూకం వేస్తే గంటకు 5 గ్రాముల చొప్పున తగ్గుతోంది. ఎనిమిది రోజులకు, మొత్తం 30 గంటలకు, అడుగున రేకు బిళ్ళ కనిపించింది. ఆ రాత్రి మా ఆడబిడ్డకు ఫోటో పంపితే, "వదినా, దీన్ని పారేయొద్దు, స్టాల్లో పెడదాం" అంది. మంచి మాట.

ఇంకొకటి తెలిసింది. మొదటిసారి వెలిగించినప్పుడు మడుగు అంచుదాకా రాకముందే ఆర్పేస్తే, తర్వాత ఎన్నిసార్లు వెలిగించినా అదే గీతలోపల కరుగుతుంది. కొనేవాళ్లకు ఇది చెప్పి తీరాలి. లేబుల్ మీద పెద్దక్షరాల్లో వేయిస్తాను: "మొదటిసారి మూడు గంటలు వెలగనివ్వండి."

సెప్టెంబరు 7

రంగు కోసం పిల్లల మైనపు క్రేయాన్ తురిమి వేశాను. రంగు బాగా వచ్చింది. వెలిగిస్తే పావుగంటకే మంట కుంగి ఆరిపోయింది. ఆ రంగు పొడి మైనంలో కరగదు, తేలుతూ వచ్చి వత్తి దారాల్లో అడ్డం పడుతుంది. పసుపు వేసినా అంతే. కొవ్వొత్తుల కోసం అమ్మే, మైనంలో కరిగే రంగే వాడాలి.

మట్టి ప్రమిదల్లో మైనం పోసిన నాలుగు వెలిగించి గచ్చు మీద పెట్టాను. పొద్దున చూస్తే ప్రమిదల కింద గుండ్రటి జిడ్డు మరకలు. మెరుగు లేని మట్టి మైనాన్ని పీల్చేస్తోంది. మెరుగు పెట్టినవి తెప్పించాలి, రెండు రూపాయలు ఎక్కువైనా సరే.

సెప్టెంబరు 21

ఉదయగిరి వెళ్లొచ్చాం. అక్కడి చెక్క గరిటెలకు, చెంచాలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. కొండ మీది అడవి కర్రతో, చేత్తో చెక్కుతారు. ఒక ఇంటి అరుగు మీద కూర్చున్న పెద్దావిడ గరిటె పిడికి జాలీ పని చేస్తోంది. ఉలి మొన గోరంత, చెక్కపొట్టు ఒళ్లంతా రాలుతోంది, ఆమె మాత్రం మాతో మాట్లాడుతూనే చేస్తోంది. మా గ్లాసులకు సరిపోయే చెక్క మూతలు అడిగాం. "గ్లాసు వదిలిపోమ్మా, కొలత నోటితో చెబితే కుదరదు" అంది. గ్లాసు ఇచ్చి వచ్చాం. మూత ఒకటి 16 రూపాయలకు మాట అయింది. మూత ఉంటే సువాసన నిలుస్తుంది, దుమ్ము పడదు. అంతకంటే ఎక్కువగా, మా జిల్లా చేతిపని మా కొవ్వొత్తి మీద ఉంటుందన్నది నాకు చాలా ఇష్టమైన సంగతి.

సెప్టెంబరు 26

ఎగ్జిబిషన్ సరుకంతా పోసేశాం. సోయా మైనంలో వాసన కుదురుకోవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. పోసిన మరునాడే వెలిగిస్తే సగం వాసన కూడా రాదు. దసరా దాటాక పోద్దామనుకుంటే ఆలస్యమైపోయేది.

ఒక్కో గ్లాసుకు ఖర్చు: మైనం 45, సెంటు నూనె 9 గ్రాములకు 22, గ్లాసు 38, చెక్క మూత 16, వత్తి, బిళ్ళ కలిపి 4, లేబుల్ 3. మొత్తం 128. ధర 250 పెట్టాం. 200 గ్రాముల లావు పారఫిన్ కొవ్వొత్తికి ఖర్చు 38, ధర 90. ప్రమిదలు నాలుగింటి సెట్టుకు ఖర్చు 28, ధర 60. మా కూలి ఇందులో లేదు.

అక్టోబరు 10, 11, 12

నెల్లూరు వీఆర్సీ గ్రౌండ్‌లో మూడు రోజుల ఎగ్జిబిషన్. స్టాల్ అద్దె 4,500, ఆటోలకు 600.

మొదటి రోజు మధ్యాహ్నం పెద్ద టెన్షన్. మాకు ఇచ్చిన మూల పైన రేకు, పడమటి ఎండ నేరుగా బల్ల మీదికే. రెండున్నరకు చూస్తే గ్లాసుల్లో మైనం మీద చెమటలా నూనె చుక్కలు. గ్లాసుల్లో పోసే సోయా మైనం మెత్తటి రకం, 50 డిగ్రీల లోపే కరుగుతుంది. రేకు కింద ఎండ పడే బల్ల మీద ఆ వేడి రావడానికి ఎంతసేపు? మా ఆడబిడ్డ తన చీరల సంచిలోంచి పాత దుప్పటి తీసి అడ్డం కట్టింది. ముందు వరుస మొత్తం బల్ల కిందికి, థర్మోకోల్ పెట్టెలోకి మార్చాం. చూపించడానికి ఒక్కో రకానికి ఒకటే పైన. తడి చేరిన ఎనిమిది గ్లాసులను అమ్మలేదు.

చివరిదాకా కాలిన ఖాళీ గ్లాసును, షాపులో కొన్న సగం మిగిలిన గ్లాసును పక్కపక్కన పెట్టాం. షాపు పేరు చెప్పలేదు, లేబుల్ కూడా గీకేశాను. ఆ రెండు గ్లాసులూ చూసినవాళ్లు తప్పకుండా ఆగి అడిగారు.

ఒక పెద్దావిడ గ్లాసు చేతిలోకి తీసుకుని, "ఇందులో కొవ్వు ఏమైనా ఉందా అమ్మా? దేవుడి గదిలో పెట్టొచ్చా?" అంది. సరైన ప్రశ్న. కొవ్వొత్తి అన్న మాటలోనే కొవ్వు ఉంది. పూర్వం జంతువుల కొవ్వుతోనే చేసేవాళ్లు. కొవ్వులోంచి స్టియరిక్ యాసిడ్ వేరుచేసి, గట్టిగా, కంపు లేకుండా వెలిగేవి చేసే పద్ధతికి 1825లో ఫ్రాన్స్‌లో షెవ్రూల్, గే-లుస్సాక్ అనే శాస్త్రవేత్తలు పేటెంట్ తీసుకున్నారు. పారఫిన్ పెట్రోలియం నుంచి వస్తుంది, సోయా మైనం గింజల నూనె నుంచి. మరి లావు కొవ్వొత్తుల్లో వేసే స్టియరిక్ యాసిడ్? అది పామాయిల్ నుంచీ తీస్తారు, జంతువుల కొవ్వు నుంచీ తీస్తారు. మా దాని సంగతి నేను అడగలేదు. ఆవిడకు అదే చెప్పాను: "గ్లాసువి గింజల నూనెవే అమ్మా. లావువాటి గురించి కనుక్కునేదాకా మీకు ఇవ్వను." ఆవిడ రెండు గ్లాసులు తీసుకుంది. మర్నాడే సరుకు పంపినవాళ్లకు ఫోన్ చేశాను. పామాయిల్ నుంచి తీసిందేనని కాగితం పంపారు. ఇప్పుడు ఆ కాగితం స్టాల్లో ఉంటుంది.

సాయంత్రాలు పిల్లల కోసం ఒక ఆట ఆడాం. వెలుగుతున్న కొవ్వొత్తిని ఊదితే వత్తి నుంచి తెల్లటి పొగ లేస్తుంది. ఆ పొగకు, వత్తికి రెండు అంగుళాల పైన, అగ్గిపుల్ల చూపిస్తే మంట పొగ వెంబడి కిందికి దూకి వత్తిని అంటుకుంటుంది. ఆ తెల్లటి పొగ మైనం ఆవిరే. కొవ్వొత్తితో పిల్లలకు సైన్స్ చెప్పడం కొత్తేమీ కాదు: 1860 క్రిస్మస్ సెలవుల్లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే అనే శాస్త్రవేత్త పిల్లల కోసం కేవలం కొవ్వొత్తి మీదే ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. మా స్టాల్ దగ్గర ఒక పిల్లాడు "ఇంకోసారి ఆంటీ, ఇంకోసారి" అని ఏడుసార్లు చేయించుకున్నాడు. వాళ్ల నాన్న లావుది ఒకటి కొన్నాడు.

లెక్క: గ్లాసులు 14, లావువి 11, ప్రమిదల సెట్లు 21. వచ్చింది 5,750. అద్దె, ఆటో, అమ్మినవాటి ఖర్చు తీసేస్తే 2,148 నష్టం. గ్లాసులకు వాసన చూసి మెచ్చుకున్నవాళ్లు చాలామంది, కొన్నవాళ్లు తక్కువ. బాధగా ఉంది. కానీ చెమట పట్టిన ఎనిమిదీ అమ్మకుండా ఉన్నందుకు బాధ లేదు.

అక్టోబరు 28, మంగళవారం

మొంథా తుఫాను. నిన్నటి నుంచి వాన తెరిపి ఇవ్వలేదు. సాయంత్రం కరెంటు పోయింది. పక్కింటి అక్క వచ్చి, "ఏమ్మా, కొవ్వొత్తులు చేస్తావు కదా, రెండియ్యి" అంది. మల్లె గ్లాసు ఇవ్వబోతే, "వాసన లేనివి లేవా? చంటిబిడ్డ ఉంది, గది తలుపులన్నీ మూసున్నాం" అంది. నా దగ్గర వాసన లేనివి లావు తెల్లవి పరీక్షకు పోసినవి తొమ్మిది ఉన్నాయి. అవన్నీ రాత్రికల్లా మా మెట్ల మీదుగా ఇళ్లకు చేరాయి. కింది వాటాలో ముసలాయన ఇన్సులిన్ సూది వేసుకోవడానికి మా కొవ్వొత్తి పట్టుకుని నిలబడింది ఆయన మనవరాలు. మంట కదలకుండా, పొగ లేకుండా వెలగడం ఎంత అవసరమో ఆ గదిలో నిలబడి చూశాను.

ఇన్నాళ్లూ సువాసనల మీదే ధ్యాస పెట్టాను. తెల్లవాటికి నేను చేసింది చాలా తక్కువ.

నవంబరు 2

క్రైస్తవులు చనిపోయినవాళ్లను తలచుకునే ఆత్మల పండుగ. సమాధుల దగ్గర వెలిగించడానికి మా వీధిలోని రెండు కుటుంబాలు ముందే తెల్లవి 30 చెప్పాయి. ఆరుబయట గాలికి నిలవాలి కాబట్టి ఒక సైజు లావు వత్తి వేశాను. ఈ రోజు సాయంత్రం వెళ్లి చూశాను. 30లో రెండు ఆరిపోయాయి, మిగతావి నిలిచాయి. ఆ కుటుంబాల నుంచి ఖర్చు మాత్రమే తీసుకున్నాను.

నవంబరు 9 నుంచి 30

తెల్ల లావు కొవ్వొత్తి మీదే మూడు వారాలు కూర్చున్నాను. పారఫిన్‌లో 10 శాతం స్టియరిక్ యాసిడ్ వేస్తే గట్టిపడుతుంది, తెల్లగా వస్తుంది, అచ్చులోంచి సులువుగా జారుతుంది. మైనం చల్లారుతూ కుంచించుకుపోయి వత్తి పక్కన లోపల గుల్ల పడుతుంది. బయటికి కనిపించదు. మంట ఆ గుల్ల దాకా వచ్చినప్పుడు మైనం ఒక్కసారిగా లోపలికి దిగి మంట వణుకుతుంది. అందుకే పైపొర కట్టగానే పుల్లతో వత్తి చుట్టూ మూడు నాలుగు చోట్ల పొడిచి, గంట తర్వాత మిగిల్చిన మైనంతో రెండో పోత పోయాలి. రెండో పోత మొదటిదానికంటే కాస్త వేడిగా ఉంటేనే రెండూ కలిసిపోతాయి. ఈ ఒక్క పని చేసిన దానికీ చేయని దానికీ తేడా చేతికే తెలుస్తుంది. గుల్ల ఉన్నది 200 గ్రాముల అచ్చులోంచి వచ్చినా తూకానికి తేలిగ్గా ఉంటుంది. ఇప్పుడు ప్రతిదీ తూచి, 195 లోపు ఉంటే మళ్లీ కరిగిస్తున్నాను.

నిమ్మగడ్డి నూనెతో చిన్న రేకు డబ్బా రకం కూడా మొదలుపెట్టాం. నెల్లూరు దోమల సంగతి నెల్లూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. "దోమలు పోతాయి" అని లేబుల్ మీద వేద్దామంది మా ఆడబిడ్డ. మూడు సాయంత్రాలు వరండాలో వెలిగించి కూర్చున్నాం. మంట పక్కనే ఉంటే కొంచెం తగ్గినట్టుంది, నాలుగు అడుగుల అవతల మామూలే. "నిమ్మగడ్డి వాసన" అని మాత్రమే వేశాం. ఖర్చు 52, ధర 120.

డిసెంబరు 18

క్రిస్మస్ ఎగ్జిబిషన్ కోసం పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ఒంగోలుకు. నాలుగు అట్టపెట్టెలు, ఒక థర్మోకోల్ పెట్టె. ఈసారి స్టాల్ ఒప్పుకునే ముందే ఫోన్ చేసి ఎండ ఏ వైపు నుంచి వస్తుందని అడిగాను. ఉత్తరం మొహం ఉన్నది ఇచ్చారు.

డిసెంబరు 19, 20, 21

చీమకుర్తి నల్ల గ్రానైటు ముక్కలు, చేతి వెడల్పువి, ఒంగోలులోనే సంపాదించి వాటి మీద తెల్లవి నిలబెట్టాం. నలుపు మీద తెలుపు దూరానికి కూడా కనిపించింది. బల్ల మీద ఒకటి ఎప్పుడూ వెలుగుతూనే ఉంది, పక్కన కాగితం మీద వెలిగించిన టైము. సాయంత్రానికి ఆరు గంటలు, ఏడు గంటలు అని జనం తామే లెక్కపెట్టుకున్నారు. ఆ కాగితం ముందు నేను మాట్లాడాల్సిన అవసరమే రాలేదు. ఒక పాస్టర్ గారి భార్య క్రిస్మస్ రాత్రి ఆరాధనకని తెల్లవి 20 ఒకేసారి తీసుకుంది. కొనేముందు ఒకటి చేత్తో తూచి చూసి, "బరువుంది" అంది. నా మూడు వారాల పని ఆ ఒక్క మాటలో ఉంది.

లెక్క: గ్లాసులు 31, తెల్ల లావువి 58, నిమ్మగడ్డి డబ్బాలు 44. వచ్చింది 18,250. అద్దె 5,000, రైలు, తిండి, ఆటో 1,400, సరుకు ఖర్చు 8,460. మిగిలింది 3,390. ఇద్దరికీ పంచుకుంటే రోజుకూలి కూడా కాదు. అయినా తిరుగు రైల్లో మా ఆడబిడ్డ వేళ్ల మీద లెక్కలు వేస్తూనే ఉంది: "గ్లాసు ఖర్చే ఎక్కువ వదినా. అది తగ్గితే..."

డిసెంబరు 30

ఈ ఉదయం బెల్లు మోగింది. వీఆర్సీ గ్రౌండ్‌లో కొవ్వు గురించి అడిగిన పెద్దావిడ. లేబుల్ మీద నంబరుకు ఫోన్ చేసి, ఇల్లు కనుక్కుని, మనవడి బండి మీద వచ్చింది. సంచిలోంచి రెండు ఖాళీ గ్లాసులు తీసింది. చెక్క మూతలు తుడిచి విడిగా కాగితంలో చుట్టింది. "ఇంత మంచి గ్లాసు పారేయబుద్ధి కాలేదు. మళ్లీ నింపిస్తావా?" అంది.

గ్లాసులు వెలుతురుకు పెట్టి చూశాను. గోడలకు మసి లేదు. అడుగున రేకు బిళ్ళ, దాని చుట్టూ గోరు మందం మైనం, అంతే.

మైనం, నూనె, వత్తి కలిపి 71 రూపాయలు. నింపడానికి 140 చెప్పాను. వేడినీళ్లలో పెట్టి బిళ్ళలు ఊడదీశాను. గ్లాసులు ఇప్పుడు ఎండలో ఆరుతున్నాయి, రేపు పోత.